మఠాధిపతియు తిరుగలిరాళ్లును

మధ్యయుగపు ఐరోపా యనగానే మన విద్యాధికుల మనస్సునకు తోచునవి కోటలు, కవచధారులైన వీరులు, ఆకాశము నంటు దేవాలయ శిఖరములు. ఆ కోటలకు ధాన్యము నెవరు పండించి పంపిరి, దానిని పిండి చేసిన దెవరు అను ప్రశ్న అరుదుగా పుట్టును. నేడు మేము రాజుల కథను విడిచి, ఒక తిరుగలి కథను పాఠకుల ముందుంచ దలచితిమి.

లండనునకు ఉత్తరమున సుమారు 20 మైళ్ల దూరమున సెయింట్ ఆల్బన్సు అను పట్టణము గలదు. అచ్చటి బెనెడిక్టీను సన్న్యాసుల మఠము ఇంగ్లండునందలి మహాసంపన్నములైన మఠములలో నొకటిగ నుండెను. పట్టణమును, చుట్టుపట్ల గ్రామములు పెక్కును దాని యేలుబడిలోనివే. మఠాధిపతి పేరునకు సన్న్యాసి. పార్లమెంటులో ప్రభువుల సరసన కూర్చుండు భూస్వామి.

ఆనాటి కట్టు రైతు స్థితి యెట్టిదనగా, వారమునకు రెండు మూడు దినములు ప్రభువు పొలమున కూలి లేకయే పనిచేయవలెను. కోతల కాలమున అది యింకను హెచ్చును. కుమార్తెకు పెండ్లి చేయుటకు రుసుము చెల్లింపవలెను. ఇంటి యజమాని కన్నుమూసినచో కొట్టములోని మేలైన పశువును ప్రభువు మనుష్యులు తోలుకొని పోవుదురు. అనుమతి లేక ఊరు విడువరాదు. వెట్టి యను మాట నెరిగిన మన దేశస్థులకు దీనిని విస్తరించి చెప్ప నక్కరలేదు.

ఇక మరలను గూర్చి. 1086లో విలియము రాజు చేయించిన భూముల లెక్కలో ఇంగ్లండున సుమారు 6000 మరలు కానవచ్చినవి. ఏటికి కట్ట వేసి, చక్రము నిలిపి, మంచి రాళ్లు తెప్పించుట సామాన్యునికి శక్యము కాదు. భూస్వాములైన మా పాఠకులు కొందరు, పెట్టుబడి పెట్టినవానికి ఫలము రావలదా యని యడుగుదురేమో. రావలసినదే. మరకు పోయినవాడు తన ధాన్యములో పదునారవ వంతో, ఇరువదినాలుగవ వంతో విడిచి వచ్చుటలో అన్యాయము లేదు. అన్యాయ మంతయు పోక తప్పదను శాసనములో నున్నది. పేదరాలు తన యింట, తన చేతులతో తిరుగలి త్రిప్పుకొనుటయే నేరమైనది!

ఈ శాసనమును గట్టిగా నడిపినవాడు 1327 మొదలు 1336 వరకు మఠాధిపతిగ నున్న వాలింగుఫర్డు రిచర్డు. ఇతడు ప్రభువుల బిడ్డ కాడు, కమ్మరి కొడుకు. చిన్ననాడే తండ్రిని గోల్పోయి, పరుల ప్రాపున ఆక్సుఫర్డులో చదివి, గణితమునను జ్యోతిషమునను తన కాలమున అగ్రగణ్యుడయ్యెను. కుష్ఠు పీడించుచున్నను సూర్యచంద్రుల గతులను చూపు మహా గడియారము నొకదానిని నిర్మింప బూనెను. ఇట్టి మేధావి పట్టణస్థులతో వ్యాజ్యమాడి గెలిచి, ఇంటింటి తిరుగళ్లను పట్టి తెప్పించి, ఆ రాళ్లను మఠములోని కూటపుగదిలో నేలకు పరపించెను. సన్న్యాసులు దినదినము వాని మీదనే నడచుచుండిరి. కమ్మరి యింట పుట్టినవాని కీ బుద్ధి యెట్లు పుట్టెనో యని మే మాశ్చర్యపడితిమి. కాని క్రిందినుండి మీదికెక్కినవారి యందు ఇట్టి కాఠిన్యము క్రొత్త కాదు.

రాళ్లు సుమారు ఏబదేండ్లు నేలలో పడియుండెను. నడుమ 1348లో మహామారి ఇంగ్లండున దిగి, జనములో మూడవ వంతునకు మించి పొట్టన పెట్టుకొనెను. 1349లో మఠాధిపతియు, సన్న్యాసులు పలువురును దానికే బలియైరి. పనివారు కరవై కూలి హెచ్చగా, ప్రభువులు పార్లమెంటులో కూడి 1351లో చట్టము చేసిరి: మహామారికి ముందరి కూలియే పుచ్చుకొనవలెను, కాదన్నవానిని బొండలో వేయవలెను. ధాన్యపు ధర పెరిగినపుడు ఊరకున్న ధర్మము, కూలి పెరిగినపుడు మేల్కొనెను.

ఆపైన ఫ్రాన్సుతోడి యుద్ధపు వ్యయమునకై తలపన్ను వచ్చినది. 1377లో తల కొక్కింటికి 4 పెన్నీలు; 1380 చివర విధించినపుడు, పదునైదేండ్లు నిండిన ప్రతివానికి సగటున 12 పెన్నీలు. 1381 మే చివర ఎసెక్సులో రైతులు తిరుగబడిరి. జూన్ 13న లండను ప్రవేశించిరి. మరునాడు పదునాలుగేండ్ల రాజు రెండవ రిచర్డు మైలెండున వారిని గలిసికొని, కట్టు తొలగింతునని మాట యిచ్చెను. ఆ మరునాడే స్మిత్‌ఫీల్డులో వారి నాయకుడు వాట్ టైలరు నేల గూలెను.

సెయింట్ ఆల్బన్సువారు విలియం గ్రిండుకాబు నాయకత్వమున రాజు లేఖ సంపాదించి మఠము జొచ్చిరి. పాత పత్రములను తగులబెట్టిరి. పిదప కూటపుగది నేలను పెల్లగించి, తాతల తిరుగలిరాళ్లను పైకి తీసి, ముక్కలు చేసి, దేవాలయమున ప్రసాదపు రొట్టెను పంచినట్లు తలకొక ముక్క పంచుకొనిరి. ఆ ముక్కలతో పిండి యాడదు. అయినను ప్రతివాడు తన ముక్కను ఇంటికి గొనిపోయెను.

ఈ వృత్తాంతము వ్రాసిపెట్టినవాడు ఆ మఠపు సన్న్యాసియే యగు థామస్ వాల్సింగాము. అతనికి రైతులన్న రోత. అయినను ఆ రోతతోడనే యీ సంగతి దాచక చెప్పినందులకు మన మతనికి ఋణపడియున్నాము.

జూలైలో రాజు మాట తప్పెను. ఇచ్చిన పత్రములు రద్దయ్యెను. రైతులకు బోధించిన జాన్ బాల్ అను పురోహితుని జూలై 15న సెయింట్ ఆల్బన్సులోనే చంపించిరి. గ్రిండుకాబు ఉరిగంబ మెక్కెను. ఏ చట్టమును కట్టును తీసివేయలేదు. కాని పనివారు చాలక, కట్టుబడిన రైతు మంచి కూలి దొరకు చోటికి రాత్రికి రాత్రి లేచిపోవుచుండగా, ప్రభువులు వెట్టిని రూకలకు మార్చుకొనక తప్పలేదు. రెండు శతాబ్దములలో అది దాదాపుగా నశించినది. మఠమును 1539లో ఎనిమిదవ హెన్రీ రద్దుపరచెను. రిచర్డు గడియారమును నేడు లేదు. దాని చక్రముల లెక్కలు మాత్రము ఆయన వ్రాతలలో మిగిలియున్నవి.