పాట వినిపించాలి... వైరు కనిపించకూడదు!

హాల్లోకి కొత్త స్పీకర్లు వచ్చాయి. పాట బ్రహ్మాండంగా ఉంది. శ్రీవారు సోఫాలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని మరీ వింటున్నారు. మీకు మాత్రం కళ్ళు మూతపడడం లేదు. టీవీ స్టాండు వెనక నుంచి బయల్దేరిన వైర్లు గోడకి జారిగిలబడి, తలుపు దగ్గర నేలమీద అడ్డంగా పాకి, దివాను కాళ్ళకి చుట్టుకుని కనబడుతున్నాయి మరి! రేపు పొద్దున్న వాటి చుట్టూ చీపురు తిప్పాల్సింది మీరే కదా.

స్పీకర్లు కొనేటప్పుడు ఎన్ని వాట్లు, ఏ రంగు అని అరగంట మాట్లాడతారు. వైరు ఎటు నుంచి ఎటు వెళ్ళాలో ఒక్కరూ మాట్లాడరు. ఆ పని ఇల్లాలు చేతిలోకి తీసుకుంటే తప్ప తెమలదు.

అందం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. రాత్రిపూట లైటు వేయకుండా బాత్రూముకి లేచే అత్తగారిని తలుచుకోండి. ఆ వయసులో కాలికి వైరు తగిలి పడితే తుంటి ఎముక విరగడం ఎంతసేపు? ఆపరేషను, నెలల తరబడి మంచం. పాకే పిల్లలున్న ఇంట్లో అయితే వైరు పట్టుకు లాగితే బరువైన స్పీకరు నెత్తిన పడుతుంది. కాబట్టి ఇది షోకు వ్యవహారం కాదు.

నూజివీడు వైపు ఇళ్ళకి ఇంకో చిక్కుంది. 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారిందేమో గానీ, వేసవి వస్తే ఆ ఊళ్ళలో హాలు వేషం మాత్రం మారలేదు. మంచం కింద వరిగడ్డి, గడ్డిలో చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి మాగుతూ ఉంటాయి. సెలవలకి వచ్చిన చుట్టాల పిల్లలు రసాలు జుర్రుకుంటూ హాలంతా తిరుగుతారు. రసం కారిన చోటికి చీమలు, గడ్డి ఉన్న చోటికి ఎలుకలు. ఎలుక పళ్ళు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరుకుతూ వాటిని అరగదీసుకోవాలి. గడ్డి పక్కనే మెత్తటి వైరుంటే దానికి పండగే! పై తొడుగు పోయి లోపలి రాగి తీగలు రెండూ ఒకదానికొకటి తగిలాయంటే ఆంప్లిఫయరు కాలిపోవచ్చు. అందుకే మామిడికాయల మూల వేరు, వైర్ల మూల వేరు అని ముందే గీత గీసుకోండి.

ముందు పురికొస తీయండి

వైరు కొనడానికి ముందు పురికొస తీసుకోండి. ఆంప్లిఫయరు దగ్గర మొదలెట్టి, వైరు ఏ దారిన వెళ్ళాలనుకుంటున్నారో ఆ దారినే, గోడ మూలలు తిప్పుకుంటూ స్పీకరు దాకా పట్టండి. ఆ కొలతకి రెండు వైపులా చెరో గజం కలపండి. గజం ఎందుకంటే, దుమ్ము దులపడానికి స్పీకరు ముందుకి జరిపినప్పుడు వైరు ఊడి రాకూడదు.

దారి ఎప్పుడూ గోడ వెంబడే ఉండాలి. తివాచీ కింద నుంచి అడ్డంగా తీసుకుపోదామని చాలామంది అంటారు. వద్దు. నడిచే చోట అడుగులు పడి పడి తొడుగు లోపలే చితుకుతుంది, పైకి తెలీదు. గడప మీద నుంచి అసలే వద్దు. శుక్రవారం గడప కడిగి పసుపు రాసుకునే మనకి అక్కడ వైరు ఏమిటి? ద్వారబంధం పక్క నుంచి పైకెక్కించి, పై నుంచి తిప్పి ఇవతలికి దింపండి. పదిహేను అడుగులు ఎక్కువ పడితే పడనివ్వండి.

పొడవు పెరిగితే శబ్దం తగ్గుతుందా అని అనుమానం రావచ్చు. వైరు సన్నంగా ఉంటే తగ్గుతుంది. చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి వైరు 10 మీటర్లు లాగితే, పోనూ రానూ కలిపి మూడో వంతు ఓము అడ్డు పడుతుంది. మామూలు 8 ఓముల స్పీకరుకి అదొక లెక్కలోది కాదు. అందులో సగం మందం ఉన్నది వేస్తే అడ్డు రెట్టింపవుతుంది. కాబట్టి మామూలు హాలుకి 1 గానీ 1.5 గానీ అడగండి, చాలు. చేతివేలంత లావు వైరు, బంగారు పూత అంటూ చెప్పే మాటలకి డబ్బు పోయకండి. ఒక్కటి మాత్రం షాపులోనే చూసుకోండి. వైరు కొసని బ్లేడుతో గీకితే లోపల కూడా ఎర్రగానే ఉండాలి. తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం.

గోడని బట్టి

కట్టేసిన ఇంట్లో సులువైనది ప్లాస్టిక్ పట్టీ. ఎలక్ట్రీషియన్లు కేసింగ్ క్యాపింగ్ అంటారు. నేల దగ్గర టైల్స్ అంచు ఉంటుంది చూడండి, సరిగ్గా దాని పై గీత మీద ఈ పట్టీని నడిపించండి. బకెట్లతో నీళ్ళు పోసి హాలు కడిగినా తడవదు, గోడకి అదొక అంచులా కలిసిపోతుంది. మూలల దగ్గర రెండు ముక్కల్నీ ఏటవాలుగా కోసి కలపమనండి. గోడ రంగే దాని మీదా ఒక చెయ్యి వేస్తే, వచ్చిన వాళ్ళు వెతికితే గానీ కనబడదు.

జిగురు టేపుతో అతికిస్తే అయిపోతుంది కదా అంటారు. వెల్ల వేసిన గోడకీ, పొడి రాలే డిస్టెంపరుకీ అది పట్టదు. పట్టినా మే నెల ఎండకి జిగురు కరిగి, ఒక మధ్యాహ్నం పట్టీ మొత్తం నేలమీద ఉంటుంది. మేకులే కొట్టించండి. పాత సున్నం గోడలున్న ఇళ్ళలో మాత్రం గోడ తొలిచి పైపు పెట్టే ఆలోచన మానుకోండి. జానెడు కొడితే బారెడు పెచ్చు ఊడుతుంది.

పెంకుటిల్లయితే దూలం వెంబడి తీసుకెళ్ళడం అందంగా ఉంటుంది. చెక్క రంగులో కలిసిపోతుంది. పైన ఉడతలూ ఎలుకలూ తిరుగుతాయి కాబట్టి వైరుని ఉత్తగా వదలక, సన్నటి ప్లాస్టిక్ పైపులో పెట్టించండి. పూర్వం కరెంటు వైర్లకి వాడిన చెక్క పట్టీలు చూడముచ్చటగా ఉంటాయి, నిజమే. మామిడి మొదళ్ళకే చెద పట్టే నేల అది. మంచి టేకు కాకపోతే ఆ పట్టీని రెండేళ్ళలో చెదలు తినేస్తాయి.

కొత్తిల్లు కట్టుకుంటున్నారా? అదృష్టవంతులు. గోడలకి ప్లాస్టరింగు చేయకముందే స్పీకర్ల కోసం విడిగా ఒక అంగుళం పైపు వేయించండి. మలుపులు మెల్లగా తిరగాలి, మడత పడకూడదు. లోపల ఒక నైలాన్ తాడు వదిలేయమనండి. ఇవాళ కాకపోతే నాలుగేళ్ళ తరవాత అయినా ఆ తాడుకి కట్టి కొత్త వైరు లాక్కోవచ్చు. "అమ్మా, కరెంటు పైపులోనే ఇదీ పంపేస్తాను, ఖర్చు కలిసొస్తుంది" అంటాడు ఎలక్ట్రీషియను. ఒప్పుకోకండి! లోపల ఎక్కడైనా తొడుగు పోతే 230 వోల్టుల కరెంటు స్పీకరు వైరులోకి వస్తుంది. ఆ వైరు కొస పిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది. ఇక్కడ మాత్రం మొహమాటపడకండి.

ప్లాస్టరింగు అవక ముందు, పైపు పక్కన టేపు పట్టించి ఫోనుతో ఫోటో తీసి దాచండి. ఎందుకంటారా? ఉగాదికి మామిడి తోరణం కట్టాలని ద్వారబంధం పక్కన మేకు కొడతారు. సరిగ్గా అక్కడే వైరుంటే? ఫోటో చూసుకుని జానెడు పక్కకి కొట్టుకోవచ్చు.

వైర్లు లేని స్పీకర్లు వచ్చాయి కదా అని అమ్మాయి అనవచ్చు. నిజమే, పాట గాల్లోంచి వస్తుంది. కరెంటు గాల్లోంచి రాదు. ఛార్జింగు పెట్టుకునే చిన్నవాటిని వదిలేస్తే, ప్రతి స్పీకరుకీ ఒక ప్లగ్గు కావాలి. అయిదు స్పీకర్లకి అయిదు ప్లగ్గులు! నన్నడిగితే, పది పన్నెండడుగుల హాలుకి ముందువైపు రెండు మంచి స్పీకర్లు చాలు. గది దాటించి వైర్లు లాగాల్సి వచ్చేది వెనక పెట్టే ఆ రెండింటి వల్లే. సినిమాలో హెలికాప్టరు వెనక నుంచి రాకపోతే ఏం మునిగిపోయింది?

స్టాండు వెనక మిగిలిన వైర్లని పాత చీర అంచు ముక్కలతో వదులుగా కట్టండి. ఒక్కోదానికీ ప్లాస్టరు ముక్క అంటించి కుడి, ఎడమ అని రాయండి. కరెంటు వైర్లనీ, టీవీ నుంచి ఆంప్లిఫయరుకి వచ్చే సన్నటి పిన్ను వైర్లనీ ఒకే కట్టలో కట్టొద్దు. గుయ్‌మని హమ్ము వస్తుంది. స్పీకరు వైరులో ఒక తీగకి గీత ఉంటుంది. ఆ గీత ఉన్నది ఎర్ర గుబ్బకి అనుకుంటే రెండు స్పీకర్లకీ, ఆంప్లిఫయరు వైపూ అలాగే పెట్టండి. సరిగ్గా పెట్టామా అంటే ఘంటసాల గారి పాత పాట ఒకటి వేసి, రెండు స్పీకర్లకీ మధ్యన కూచోండి. గొంతు ఎదురుగా నిలబడి పాడినట్టుండాలి. ఎటూ కాకుండా చెదిరిపోయి, కింది స్వరం పలచబడితే ఒక స్పీకరుకి తీగలు తారుమారయ్యాయన్నమాట. పట్టీ మూయకముందే ఈ పరీక్ష చేయండి.

అన్నీ దాచండి గానీ, ప్లగ్గుని మాత్రం దాచకండి. షోకేసు వెనక్కి తోసేస్తే కష్టం. కాయలు చెట్టు మీదుండగా వచ్చే గాలివానకి ఇంట్లో అందరూ తోటవైపు చూస్తుంటారు, ఆకాశం మెరుస్తూ ఉంటుంది. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీయాలి. బీరువాలూ సోఫాలూ జరపకుండా ఒక్క చేత్తో అందేలా, మీ నడుము ఎత్తులో పెట్టించుకోండి.