పల్లపు చేనికి చలి యెక్కువ యేల?

మార్గశిర పుష్యమాసములలో ఉట్నూరు ప్రాంతపు కందిచేలను చూడబోయినప్పుడు రైతులు మమ్ము తరచుగ నడుగు ప్రశ్న యొకటి గలదు. ఒకే విత్తనమును ఒకే దినమున విత్తినను, గుట్టవాలున నున్న కంది పూతతో నిండియుండగా పల్లపు చేనిలో పూత యేల రాలినది? విత్తనమే మోసమని కొందరు, తెగులని కొందరు తలంతురు. అప్పుచేసి పురుగుమందు చల్లినవారును గలరు. చలికి రాలిన పూతకు మందు చల్లిన ఫలము లేదు.

మబ్బును గాలియును లేని రాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచి చల్లబడును. దానిని తాకిన గాలియు చల్లబడి, బరువెక్కి, నీటివలె వాలు వెంబడి మెల్లగ దిగి పల్లమున నిలుచును. కావున తెల్లవారుజామున పల్లమునందే చలి మిక్కుటము; వాలు నడిమిభాగము కొన్ని డిగ్రీలు వెచ్చగ నుండవచ్చును. ఎత్తునకు పోయినకొలది చలి హెచ్చునని బడిలో చదివినది అబద్ధము గాదు గాని, ఇట్టి రాత్రులలో మన లోయలందు అది తలక్రిందగును. చేని దిగువను దట్టమైన కంచె యున్నచో, చెరువుకట్ట నీటిని నిలిపినట్లు చలిగాలిని చేనిలోనే నిలుపును. అచ్చట కొంత సందు విడువవలయును. పశువులు దూరునందురా, ముండ్లకంప పలుచగ నడ్డువేయుడు. గాలి పోవును, పశువు పోదు.

భూమి సగటు వేడిమి 1850–1900 నాటికంటె 2011–2020 నాటికి సుమారు 1.1 డిగ్రీలు పెరిగినది. అట్లయిన ఈ చలిబాధ తీరునా? చలిరాత్రులు తగ్గవచ్చును గాని లేకపోవు. పూతకాలమున నొక్కరాత్రి చాలును. మరియు చలికాలమున గుట్టకు గుట్టకు భేదము గలదు. దక్షిణపు వాలు ఎండ నెక్కువగ గ్రహించి త్వరగ నారును. ఉత్తరపు వాలున పదును కొంతకాలము నిలుచును.

ఇది క్రొత్త సంగతి గాదు. ఎఱ్ఱని తేలికనేలలను వానకాలపు పైరులకును, పల్లపు నల్లరేగడిని యాసంగికిని గోండు రైతులు వేఱుచేసి వాడుకొనుటను, 1940వ దశకమున మార్లవాయిలో నివసించిన హైమెన్‌డార్ఫ్ వ్రాసియున్నాడు.

పత్రికలో వచ్చు ఉట్నూరు అంకె మీ చేని అంకె గాదు. సంఘమువారు రాత్రి కనిష్ఠోష్ణమును చూపు థర్మామీటరులు రెండు కొని, పల్లమున నొకటి, వాలున నొకటి, పైరు ఎత్తున నీడపట్టున కట్టించి, కార్తీకము మొదలు మాఘమువరకు ప్రతి ఉదయము అంకెలు వ్రాయించిన, వచ్చు మృగశిరకు కంది ఎచ్చట విత్తవలయునో తేలును. అంతవరకు పల్లమున త్వరగ కాయపట్టు స్వల్పకాలపు రకమునే వేయుడు. నీటివసతి గలవారు చలి ముదురకముందు పగటిపూట నొక పలుచని తడి నీయుడు.