గృహమున జంట బ్యాటరీలు

ఆశ్వయుజ కార్తికమాసములు వచ్చుచున్నవనిన నెల్లూరు సీమ తీరవాసులకు గుండె దడ మొదలగును. ఈశాన్య ఋతుపవనపు వానలతోపాటు వాయుగుండములును ఈ కాలముననే వచ్చుచుండును. 1984 నవంబరులో శ్రీహరికోట చెంత తీరము దాటిన తుపానును, 1989 నవంబరులో కావలి చెంత దాటినదానిని మన పెద్దలు నేటికిని తలచుకొనుచుందురు. గాలి లేచినంతనే కరెంటు పోవును. మరల నెప్పుడు వచ్చునో చెప్పజాలము. పూర్వము లాంతరొకటి యున్న చాలెడిది. ఇప్పుడో, పసిబిడ్డకు ఫ్యాను, వృద్ధులకు మందుల యంత్రము, దూరముననున్న బిడ్డలతో మాటాడుటకు సెల్‌ఫోను, అన్నియు కరెంటుపైననే ఆధారపడియున్నవి. కావున ఇన్వర్టరు సంగతి పురుషుల పనియని గృహిణి ఉపేక్షింపరాదు.

మాకు ఈ బుద్ధి కష్టముమీదనే వచ్చినది. కోటలోని మా యింట ఐదేండ్లనాటి బ్యాటరీ యొకటి యుండెను. అది చాలుట లేదని దాని ప్రక్కనే క్రొత్తదానిని చేర్పించితిమి. రెండున్నవి గదా, రెట్టింపుకాలము వచ్చునని సంతసించితిమి. ఆ యేటి వానలలో నొకరాత్రి కరెంటు పోయినది. మా అత్తగారికి ఉబ్బసము. నడిరేయి ఆయాసము హెచ్చి నెబ్యులైజరు పెట్టబోవునప్పటికి ఇన్వర్టరు కూతపెట్టి ఆగిపోయినది. పొరుగింట దీపము కనబడుటచే, వానలోనే ఆమెను పొదివిపట్టుకొని అచటికి గొనిపోయి గండము గడిపితిమి. మరునాడు మెకానిక్కు వచ్చి చూచి, “పాతది కొత్తదాన్ని తినేసిందమ్మా” అనెను.

ఆ మాటలోని మర్మము మనకు తెలియనిది కాదు. రెండు నీటిగోలెములను అడుగున గొట్టముతో కలిపితిమనుకొనుడు. ఒకదానికి చిల్లియున్నచో రెండవదానిలోని నీరును దానిగుండనే పోవును. ప్రక్కప్రక్కన కలిపిన బ్యాటరీల సంగతియు నిట్టిదే. పాతబడినది పూర్తిగా నిండదు, నిండినది నిలుపుకొనదు. క్రొత్తది తన బలమును దానికి ధారవోయుచుండును. కావున జంటగా నుంచదలచినవారు ఒకే కంపెనీ, ఒకే పరిమాణము, ఒకే వయసు గల రెండింటిని ఒక్కసారియే కొనవలెను. ఒకటి చెడినచో, రెండవదియు వయసుమీరినదైన యెడల, రెండింటిని మార్చుటయే తుదకు పొదుపు.

కలుపుటలో రెండు విధములు గలవు. 12 వోల్టుల, 150 ఆంపియరు గంటల బ్యాటరీలు రెండున్నవనుకొందము. ధనమునకు ధనము, ఋణమునకు ఋణము కలిపినచో వోల్టులు 12గనే యుండి, ఆంపియరు గంటలు 300 అగును. ఒకదాని ధనమును వేరొకదాని ఋణమునకు కలిపినచో వోల్టులు 24 అగును, ఆంపియరు గంటలు 150గనే నిలుచును. మన లారీలలో రెండు బ్యాటరీలను కూర్చునది ఈ రెండవ విధముననే. ఎట్లు కూర్చినను మొత్తపు శక్తి యొక్కటియే. అయినను 12 వోల్టుల ఇన్వర్టరునకు 24 వోల్టుల జంటను తగిలించినచో యంత్రము చెడును. ఇన్వర్టరు ఏ విధమును కోరునో ముందు చూచుకొనవలెను.

ఇక లెక్క. 70 వాట్ల ఫ్యానులు రెండు, 10 వాట్ల దీపములు మూడు కలిసి 170 వాట్లు. ఇన్వర్టరులో పోవు నష్టముతో దాదాపు 200. బ్యాటరీని సగముకంటె మిక్కిలి వాడకున్నచో అది చిరకాలము మన్నును. ఆ లెక్కన ఒక బ్యాటరీ నాలుగు గంటలకు పైగాను, జంట తొమ్మిది గంటలును వచ్చును. ఇది క్రొత్తవాని మాట.

అయితే రెండింటిని నింపుటకు తగిన ఛార్జరును ఉండవలెను. 15 ఆంపియర్లు మాత్రమే ఇచ్చునది సగము ఖాళీయైన జంటను నింపుటకు పదిగంటలకు పైగా పట్టును. తుపాను దినములలో కరెంటు మధ్య మధ్య గంటసేపు వచ్చి పోయినచో జంటయున్నను నిండదు. కావున అట్టివేళ మిక్సీ, టెలివిజను మాని, దీపమొకటి, ఫ్యానొకటి, రోగికి వలసిన యంత్రము మాత్రమే నడుపవలెను.

ప్రక్కప్రక్కన కలుపునప్పుడు ఇన్వర్టరు తీగలలో ధనమును ఒక బ్యాటరీనుండియు, ఋణమును రెండవదానినుండియు తీసినచో భారము రెండింటిపైనను సమముగ పడును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫ్యూజు వేయించుట మేలు. ఈ పనులు తెలిసినవారిచేతనే చేయింపుడు.

మనము స్వయముగ చేయదగినవి కొన్ని గలవు. దూరెడు బ్యాటరీలలో నీటిమట్టము నెలకొకసారి చూచి డిస్టిల్డు వాటరే పోయవలెను; మన తీరపు బావినీట ఉప్పుండును, అది పలకలను చెరుచును. ఉప్పుగాలికి కొనలు చిలుమెక్కకుండ వాసెలిను పూయించుడు. ఛార్జి అగునప్పుడు మండు గుణముగల హైడ్రోజను వెలువడును గనుక గాలి ఆడు చోట నుంచుడు. దీపము, పొయ్యి దరిజేరనీయకుడు. మరువరాని మాట యింకొకటి: బ్యాటరీని ముట్టబోవునప్పుడు ఇన్వర్టరు ఆపి, గాజులు, ఉంగరములు తీసివేయుడు. బంగారుగాజు రెండు కొనలకు తగిలినచో క్షణములో ఎఱ్ఱగ కాలి చేతిని కాల్చును. పాతవానిని పాతసామాను వానికి వేయక దుకాణమునకే తిరిగియిండు. సీసము పిల్లలకు విషము.

మా అత్తగారు ఇప్పుడు కులాసాగ నున్నారు. ఈ యేడు జంటను ఒక్కసారియే కొంటిమి. వానకారు రాకముందే, సోదరీమణులారా, మీ యింటి బ్యాటరీలు ఎన్నియేండ్లవో ఒకసారి చూచుకొనుడు.