వృద్ధశునక పోషణము

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మీలో కొందరికి వింతగా తోపవచ్చును. ముసలియై, దిక్కు లేక, మరి కొన్ని మాసములకంటె బ్రతుకదని వైద్యుడు చెప్పిన కుక్కను ఇంటికి తెచ్చుకొని, దాని తుదిదినములు సుఖముగా గడచునట్లు చూచుట యెట్లు అనునదియే ఆ విషయము. గోసేవను గూర్చి ఉపన్యసించిన పండితులు పెక్కురు కలరు గాని, కుక్కసేవను గూర్చి చెప్పువాడెవడని మీరు నవ్వినను నవ్వవచ్చును. ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి మంథనిలో విశ్రాంతి గొనుచున్న నేను, ఈ పనిని ఆరు మాసములు చేసితిని. కావున చదివినదానితోపాటు చేతితో చేసినదానిని గూడ మీకు విన్నవించెదను.

మొదట శాస్త్రము మాట. మహాభారతమును స్మరింపుడు. కథ ఆరంభమగుచుండగనే సరమ యను దేవశునకము మనకు కనబడును. దాని పిల్ల జనమేజయుని యజ్ఞభూమి చెంత ఆడుకొనుచుండగా, ఏ తప్పును చేయకున్నను, రాజు తమ్ములు దానిని కొట్టిరి. తల్లి వచ్చి రాజును నిలదీసి, తగని పని చేసినవారికి ఊహింపని భయములు కలుగునని చెప్పి పోయెను. ఈ కథను నన్నయ తెనిగించెను. గ్రంథము ముగియవచ్చునప్పటికి, తిక్కన తెనిగించిన మహాప్రస్థానికపర్వమున, మరియొక శునకము కనబడును. తమ్ములును ద్రౌపదియు దారిలో పడిపోగా ధర్మరాజు వెంట తుదివరకు నడచినది అదియొక్కటే. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కకు స్వర్గమున చోటు లేదు, దానిని విడిచి రమ్మనెను. నమ్మి వెంటవచ్చినదానిని విడువజాలనని ధర్మరాజు రథమెక్కలేదు. అది ధర్మదేవత యని పిదప తెలిసినది. ధర్మదేవత యని యెరిగి ఆయన నిలువలేదు. కుక్క యనుకొనియే నిలిచెను. ఆ కథకు ప్రాణమంతయు ఇందే యున్నదని నా తలంపు.

వైశ్వదేవము చేయు గృహస్థుడు బలిహరణమున కుక్కకును కాకికిని అన్నముంచవలయునని విధి కలదు. అనగా మన భోజనమున దానికి భాగము పూర్వులే ఏర్పరచిరి. వ్యాకరణము చదివినవారికి మరియొక ముచ్చటయు తెలియును. పాణిని ఒకే సూత్రమున కుక్కను, యువకుని, ఇంద్రుని కలిపి చెప్పెను. ఆ సూత్రము చదువునాడు నవ్వని విద్యార్థి యుండడు. అయినను ఆ పూర్వులే కుక్క తాకినచో స్నానము విధించిరి; అన్నమిచ్చిరి గాని గడప లోపల చోటీయలేదు. వేదాధ్యయనమునకు పేరొందిన గోదావరీతీరపు మా మంథనిలో ఈ రెండు ఆచారములును ఎరిగిన కుటుంబములు నేటికిని కలవు. వీనిని ఎట్లు సమన్వయించుకొంటిమో ముందు చెప్పెదను.

రాజశాసనమును ఈ విషయమున మౌనముగా లేదు. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పాటు చేసితినని అశోకుడు శిలలపై చెక్కించెను. ఆ శాసనములు మన తెలుగునాట కర్నూలు సీమయందలి ఎఱ్ఱగుడిలో నేటికిని ఉన్నవి. స్వతంత్రభారతమున 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును కారణము లేక విడిచిపెట్టుట ఆ చట్టము ననుసరించి నేరము. 1976లో జరిగిన రాజ్యాంగ సవరణము భూతదయను పౌరుల ప్రాథమిక కర్తవ్యములలో నొకటిగా చేర్చినది. కావున కావలి కాయలేని ముసలి కుక్కను ఊరిబయట దింపి వచ్చుట పాపము మాత్రమే గాదు, శిక్షార్హమును అగును.

ఇక ముసలి కుక్కల గతి యేమి? కుక్క ఆయువు సామాన్యముగా పదిమొదలు పదుమూడేండ్లు. పెద్దజాతులకు ఏడేండ్లు దాటగనే వార్ధక్యము తొంగిచూచును. చిన్నవానికి కొంత ఆలస్యముగా వచ్చును. ముట్టెపై వెండ్రుకలు నెరయును. కన్నులు మసకబారును, చెవులు మందగించును, కీళ్లు పట్టును, పండ్లు పుచ్చును, మూత్రపిండములు బలము తప్పును. పిల్లను తెచ్చుకొనుటకు పదిమంది వత్తురు. ఇట్టిదానిని తెచ్చుకొనుటకు ఒక్కడును రాడు. ఈ కారణముచేతనే అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున 2007లో వృద్ధశునకముల కొరకే మట్‌విల్ అను సంస్థ వెలసినది. బ్రతుకు కొలది మాసములే మిగిలినవానిని గృహస్థుల యిండ్ల ఉంచి, వైద్యవ్యయమును సంస్థయే భరించు పద్ధతి అక్కడ కలదు. మన హైదరాబాదులో 1992లో అక్కినేని అమలగారి పూనికతో ఏర్పడిన బ్లూక్రాస్ సంస్థ దెబ్బతిన్న మూగజీవములనెన్నిటినో ఆదుకొన్నది. పల్లెలలోను చిన్న పట్టణములలోను సంస్థలు లేకున్నను, దయగల యువకులుందురు. వారు మందులు తెత్తురు. మనము చోటును, కాలమును ఈయవలయును. ఈ పోషణమునకు మూలసూత్రమింతియే.

మా యింటికి వచ్చిన కుక్క పేరు మోతి. ఒక ముసలాయన యింట పండ్రెండేండ్లు కావలి కాచినది. ఆయన కాలము చేసెను. పిల్లలు ఇల్లు తాళమువేసి పట్టణమునకు పోయిరి. తాళమువేసిన వాకిటనే అది కొన్ని దినములు పడియుండెను. నాయొద్ద చదువుకొన్న యువకుడొకడు దానిని పశువైద్యశాలకు కొనిపోయి, అటనుండి నాయొద్దకు వచ్చి, “సార్, ఇది ఎక్కువ దినాలు బతుకదట. బజార్ల సావకుంట మీ అరుగు మీద జెర జాగియ్యుండ్రి” అని యడిగెను. నేను మా గృహిణి వైపు చూచితిని. ఆమె కొంతసేపు పలుకక, “అరుగు దాటి లోపలికి రానియ్యకుండ్రి. మిగతాదంత మీ ఇష్టం” అనెను. ఉగాది గడచి వారము కాలేదు. నాటినుండి భాద్రపదమువరకు మోతి మా అరుగుమీద నుండెను.

ఆచారమును మేమిట్లు సర్దుకొంటిమి. తెల్లవారకముందే దాని పనులన్నియు ముగించి, పిదప స్నానము చేసి సంధ్యకు కూర్చుండువాడను. సాయంకాలమును అట్లే. కుక్కను తాకిన మైల స్నానముతో పోవును. దిక్కులేక వచ్చినదానిని వెడలగొట్టిన దోషము ఏ స్నానముతో పోవునో నాకే శాస్త్రమునను కనబడలేదు.

ఇక చేయవలసిన పనులు వినుడు. ముందుగా పశువైద్యునికి చూపవలయును. పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయింపవలయును. రక్తపరీక్ష చేయించినచో మూత్రపిండముల స్థితి తెలియును. మోతికి అవియే చెడియుండెను.

రెండవది చోటు. నున్నని బండలమీద ముసలి కుక్క కాళ్లు జారును. గోనెపట్టాలు పరచినచో పట్టు దొరకును. చూపు లేనిది స్థలమును జ్ఞాపకముంచుకొని తిరుగును గనుక మంచమును, నీళ్లపాత్రను మాటిమాటికి మార్చరాదు. చెవులు వినబడనిదానిని వెనుకనుండి తాకరాదు, బెదరి కరచును. ఎదుటినుండి రావలయును, లేదా నేలపై పాదముతో తట్టి రావలయును. ఇంటి పిల్లలకు దీనిని మొదటి దినముననే నేర్పవలయును. ఒకవేళ కరచినచో గాయమును సబ్బుతోను, పారునీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలయును. సున్నము, కారము, ఆకుపసరు పూయుచు కాలము గడపుట ప్రాణాపాయము.

మూడవది ఆహారము. మెత్తని అన్నము కొంచెము కొంచెముగా మూడు నాలుగు మారులు పెట్టవలయును. కారమును పోపును పనికిరావు. నీరుల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాకొలెట్టు కుక్కకు విషప్రాయములు. మా యింట నీరుల్లి నిషేధము. ఆ నియమము మోతికి గూడ మేలు చేసినది. అయితే కుక్క శరీరమునకు మాంసము హితమని వైద్యుడు చెప్పెను. మేము శాకాహారులము. దీనికి ఆ యువకుడే ఉపాయము చెప్పెను: తన యింట ఉప్పుకారములు లేక ఉడికించిన మాంసము వారమునకు రెండుమారులు తెచ్చి, సందు మొగదల తానే పెట్టి, గిన్నె తానే కడిగి తీసికొనిపోవువాడు. ఉడికించిన ఎముకలు మాత్రము పెట్టరాదు. అవి చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును. నీరు సర్వకాలములందును అందుబాటున నుండవలయును. మూత్రపిండములు చెడినది ఎక్కువ త్రాగును, ఎక్కువ పోయును. అందులకు దానిని కసరరాదు.

నాలుగవది ఎండ. మా ప్రక్కనున్న రామగుండపు బొగ్గుసీమ వేసవిని ఎరుగనివారు లేరు. మనకువలె కుక్కకు ఒడలంతయు చెమట పట్టదు. నాలుక చాచి వగర్చుటచేతనే అది వేడిని వెడలించుకొనును. మధ్యాహ్నము నీడ, గాలి, తడిపిన గోనె యుండవలయును. వగర్పు మితిమీరి, చొంగ కారి, చిగుళ్లు ఎఱ్ఱబారినచో ఒడలు చల్లని నీటితో తడిపి, విసరుచు, వైద్యునికడకు చేర్పవలయును.

అయిదవది శరీరశుద్ధి. వానకాలమున గోమార్లు పట్టును. అవి జ్వరములను తెచ్చును. చెవుల సందులు, వ్రేళ్ల నడుమలు నిత్యము వెదకవలయును. లేవలేని కుక్కను మూడు నాలుగు గంటలకొకమారు ప్రక్క మార్చి పరుండబెట్టవలయును. లేనిచో ఎముక ఒరసికొను చోట పుండు పడును. దానిపై ఈగ వ్రాలినచో పురుగులు పడును. తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో అద్దుట వలన ఈ బాధ చాలవరకు తప్పును.

ఆరవదానిని మరువకుడు. నొప్పితో మూల్గుచున్నదని మనము మ్రింగు మాత్రలు దానికి వేయరాదు. మనకు మేలుచేయు పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ కుక్క కాలేయమునకు, కడుపునకు, మూత్రపిండములకు చేటు తెచ్చును. జాలిపడి వేసిన మాత్రయే ప్రాణము తీయవచ్చును. పశువైద్యుడు తూకము చూచి ఇచ్చిన మందే వేయవలయును.

ఇవన్నియు చేతులతో చేయు పనులు. మనసుతో చేయవలసిన కష్టమైన పని యొకటి తుదకు మిగులును. దానిని దాచక చెప్పెదను. పోషించువానికి ఆశ పెరుగును. నేడు ఒక ముద్ద తిన్నది గనుక రేపు లేచునని తోచును. ఆ ఆశ కన్నులను కప్పును. అందువలన నేను పంచాంగపు అంచున ప్రతిదినమును ఒక గుర్తు పెట్టుచు వచ్చితిని. తిని, తోక ఆడించి, అరుగు దిగి వచ్చిన దినము మంచిది. తినక, లేవక, మూల్గిన దినము చెడ్డది. చైత్రవైశాఖములలో మంచి గుర్తులే హెచ్చు. ఆషాఢమున సమముగా నుండెను. భాద్రపద శుక్లపక్షమున పదునైదు దినములలో మంచివి రెండే. నేను కళ్లతో చూడనొల్లనిదానిని ఆ కాగితము చూపినది.

అప్పుడు వైద్యుడు, ఇక మందు పనిచేయదని, బాధ లేకుండ నిద్రపుచ్చి ప్రాణము విడిపించు పద్ధతి కలదని చెప్పెను. మాన్పరాని బాధలో నున్న జంతువు విషయమున చట్టమును అందులకు అనుమతించును. నేను ఆ రాత్రి నిద్రింపలేదు. అహింస పరమధర్మమని జీవితమంతయు పిల్లలకు చెప్పినవాడను. ప్రాణము తీయుమని ఎట్లు చెప్పుదును? సహజముగా పోనిచ్చినచో దోషము లేదుగదా యని ఒక మనసు. ఆ సహజమరణము ఎన్ని దినముల యాతనయో, ఆ యాతన యెవరి కొరకో యని మరియొక మనసు. నా చేతికి దోషమంటరాదని మోతిని మరి పది దినములు మూల్గనిచ్చినచో, ఆ పది దినములును అది నా పుణ్యమునకు వెల చెల్లించుచుండును. అదియును హింసయే యని నాకు తోచినది. తెల్లవారినంతనే వైద్యునికి కబురంపితిని. వేరొక మనస్సాక్షి వేరొక విధముగా చెప్పవచ్చును. అట్లు నిశ్చయించువారు తుదివరకు నొప్పి తగ్గించు మందును వైద్యునిచేత ఇప్పించుచుండవలయును. ఊరక చూచుచు కూర్చుండుట మాత్రము తగదు.

వైద్యుడు అరుగుమీదనే మొదట మత్తుమందు ఇచ్చెను. అది నిద్రపోయిన పిదప రెండవ సూది వేసెను. నా చేయి దాని తలపై నుండెను. ఆరు మాసములు అరుగు దాటనీయని మా గృహిణి, గడప దిగి వచ్చి దాని ప్రక్క కూర్చుండెను.

కళేబరమును గోదావరిలో విడుచుట కొందరికి వాడుక. అది తగదు; ఆ నీటినే దిగువనున్నవారు త్రాగుదురు. బావికి దూరముగా, నక్కలు త్రవ్వరానంత లోతుగా గోయి తీసి పూడ్చవలయును. మేము పెరటి వేపచెట్టునకు అవతల పూడ్చితిమి.

శ్రోతలారా! మీలో అందరును ఇంత చేయలేకపోవచ్చును. అరుగు లేనివారు వాకిట నీళ్లపాత్ర యుంచవచ్చును. కాలము లేనివారు మందుల వెల ఈయవచ్చును. ఇంట కుక్క కలవారు, అది ముసలిదైన నాడు ఏమి చేయుదుమని నేడే ఆలోచించి పెట్టుకొనవచ్చును. తమ తరువాత దానిని చూచువారెవరో పిల్లలతో చెప్పి యుంచవచ్చును. మోతి యజమాని ఆ యొక్క మాట చెప్పియుండినచో, తాళమువేసిన వాకిట అది పడియుండెడిది గాదు. కావలి కాచిన కాలమున అన్నము పెట్టుట కూలి యిచ్చుట వంటిది. కావలి కాయలేని కాలమున పెట్టిన ముద్దయే పోషణమనిపించుకొనును.