రౌటర్ గుమ్మంలో ఆగిపోయే మాట

1986 అక్టోబరులో అమెరికాలో ఒక వింత జరిగింది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ రెండింటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడిచే లైన్ ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది. తీగ తెగలేదు, యంత్రం కాలిపోలేదు. దారిలో ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, కిక్కిరిసిపోయాయి. జవాబు రాకపోయేసరికి కంప్యూటర్లు పంపినవే మళ్లీ మళ్లీ పంపి, ఉన్న రద్దీని రెట్టింపు చేశాయి. ప్రయోగశాలలో పనిచేసే వాన్ జాకబ్సన్ దీని అంతు చూడాలనుకున్నారు. 1988లో ఆయన చెప్పిన ఉపాయం ఇవాళ్టికీ మన ఫోన్లలో నడుస్తోంది: మెల్లగా మొదలుపెట్టాలి, ప్యాకెట్ పోయిందంటే ముందు రద్దీ ఉందని గ్రహించి వేగం తగ్గించాలి.

ఇంటర్నెట్ ఫోన్ కాల్, ఆన్‌లైన్ ఆట సాఫీగా సాగడం వెనక ఉన్న కథంతా రద్దీ కనిపిస్తే పంపేవాడు తగ్గాలన్న ఈ ఒక్క ఒప్పందం చుట్టూనే తిరుగుతుంది.

హైదరాబాద్‌లో తల్లి న్యూజెర్సీలో ఉన్న కొడుకుతో వీడియో కాల్‌లో ఉంది. పక్క గదిలో ఫోన్ పెళ్లి ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెట్టింది. అంతే, మాట తెగి తెగి వస్తుంది. అదే సమయంలో ఆట ఆడుతున్న పిల్లవాడి తెర మీద శత్రువు ఒకచోట మాయమై ఇంకోచోట తేలతాడు. ఇంట్లోవాళ్లు పెద్ద ప్లాన్‌కు మారతారు. బాధ అప్పుడప్పుడూ తగ్గుతుంది, పోదు.

ఎందుకంటే మాటకు కావలసిన వేగం చాలా తక్కువ. ఇంటర్నెట్ ఫోన్‌లో పాత ప్రమాణమైన జి.711 పద్ధతిలో గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతారు. చిరునామా వివరాలతో కలిపి ఒక్కోటి 200 బైట్లు. మొత్తం సెకనుకు 80 కిలోబిట్లు. ఆటలదీ ఇదే తీరు. ‘కౌంటర్-స్ట్రయిక్ 2’ సర్వర్ సెకనుకు 64 సార్లు ఆట స్థితిని లెక్కగడుతుంది. అటూ ఇటూ వెళ్లేవి చిన్న ప్యాకెట్లే. వీటికి కావలసింది సమయానికి చేరడం. మాట ఒకవైపు 150 మిల్లీసెకన్లలోపు చేరితే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం ప్రమాణం జి.114 చెబుతుంది. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ సుమారు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే కేబుల్ తిన్నగా వేసి ఉన్నా 65 మిల్లీసెకన్లు దారి ఖర్చే. మిగిలిన కొద్దిపాటి సమయాన్ని ఇంటి రౌటర్ తినేయకూడదు.

మొదట ఇంజినీర్లు నమ్ముకున్న పద్ధతి చీటీ అంటించడం. 1981 నాటి ఇంటర్నెట్ ప్రోటోకాల్‌లోనే ప్యాకెట్ ప్రాధాన్యం తెలిపే గడి ఒకటి ఉంది. 1998లో దాన్ని కొత్తగా నిర్వచించారు. గొంతు ప్యాకెట్లకు 46 అనే గుర్తు స్థిరపడింది. ఇళ్లలోకి ఇది లింక్‌సిస్ సంస్థ నీలం-నలుపు రౌటర్ డబ్ల్యూఆర్‌టీ54జీతో చొరబడింది. అందులో నడిచేది లినక్స్ అని 2003లో బయటపడటంతో, లైసెన్స్ ప్రకారం ఆ సంస్థ సోర్స్ కోడ్ విడుదల చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాది ఆ కోడ్ ఆధారంగా రౌటర్ల ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఉత్సాహవంతులు తమ రౌటర్లలో నియమాలు రాసుకున్నారు: ఫలానా పోర్టు ఫోన్‌ది, ముందు పంపు, ఫలానాది టొరెంట్‌ది, ఆపు.

ఈ నియమాలు ఎక్కువ కాలం నిలవలేదు. స్కైప్ పోర్టులు మార్చుకునేది. పోనుపోను దాదాపు అన్ని యాప్‌లూ గుప్తభాషలోకి మారాయి. ఏ ప్యాకెట్ దేనిదో రౌటర్‌కు తెలిసే వీలు తగ్గింది. అంటించిన గుర్తును దారిలోని నెట్‌వర్క్‌లు తుడిచేస్తే అడిగే దిక్కు లేదు.

అసలు దొంగ వేరేచోట ఉన్నాడని 2010లో జిమ్ గెటిస్ కనిపెట్టారు. కంప్యూటర్ తెర మీద కిటికీలు గీసే ఎక్స్ విండో వ్యవస్థ రూపకర్తల్లో ఆయన ఒకరు. అప్పుడు బెల్ ల్యాబ్స్‌లో ఉన్నారు. ఇంటి నుంచి పెద్ద ఫైళ్లు పంపినప్పుడల్లా జాప్యం సెకను దాటిపోవడం చూసి మూలం వెతికారు. మెమరీ చవకయ్యే కొద్దీ తయారీదారులు మోడెముల్లో, రౌటర్లలో ప్యాకెట్లు వేచి ఉండే బఫర్లను పెంచుకుంటూ పోయారు. ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదన్న సదుద్దేశంతోనే. కానీ సెకనుకు 1 మెగాబిట్ పంపగల లైన్ ముందు 256 కిలోబైట్ల బఫర్ పెడితే, అది ఖాళీ కావడానికి 2 సెకన్లు పడుతుంది. ప్యాకెట్ పోదు కాబట్టి పంపేవాడికి రద్దీ కబురు అందదు. 1988 నాటి ఒప్పందం మూగబోయింది. ఈ రోగానికి గెటిస్ బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు.

మందు కోసం మళ్లీ జాకబ్సనే ముందుకొచ్చారు. 1993లో శాలీ ఫ్లాయిడ్‌తో కలిసి, బఫర్ నిండకముందే కొన్ని ప్యాకెట్లను వదిలేసే రెడ్ పద్ధతిని ఆయన ప్రతిపాదించారు. దాన్ని ఒక్కో లైన్‌కు తగ్గట్టు సర్దడం కష్టమై చాలామంది వాడలేదు. 2012లో క్యాథలీన్ నికోల్స్‌తో కలిసి కోడెల్ అనే పద్ధతిని ప్రకటించారు. క్యూ ఎంత పొడవుందో కోడెల్ చూడదు. ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందో గడియారం పెట్టి కొలుస్తుంది. 100 మిల్లీసెకన్లపాటు కనీస నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు దిగకపోతే ఒక ప్యాకెట్‌ను వదిలేస్తుంది. పంపేవాడికి కబురు అందుతుంది, వేగం తగ్గుతుంది. వినియోగదారుడు తిప్పాల్సిన మీటలేవీ లేవు.

అదే ఏడాది లినక్స్ డెవలపర్ ఎరిక్ డూమాజే కోడెల్‌కు పాత ఆలోచనను జోడించి లినక్స్‌లోకి ఎక్కించారు. పంపేవారందరినీ ఒకే వరుసలో నిలబెట్టకుండా ఎవరి వరుస వారికి ఇవ్వాలని జాన్ నేగల్ 1985లోనే రాశారు. దాన్ని చవకగా నడిపే పద్ధతిని 1995లో శ్రీధర్, ఐఐటీ బొంబాయి పూర్వ విద్యార్థి జార్జ్ వర్గీస్ ఇచ్చారు. ఈ కలయికే ఎఫ్‌క్యూ-కోడెల్. ఇది ప్యాకెట్ల ప్రవాహాలను (ఒక్కో కనెక్షన్ ఒక ప్రవాహం) 1,024 వరుసల్లోకి పంచుతుంది. తన వరుసలో ఏమీ పేరుకోనివ్వని ప్రవాహాన్ని ముందు పంపుతుంది. కిరాణా కొట్టులో నెల సరుకుల చీటీతో వచ్చినవారికి పప్పులు తూస్తూనే, అగ్గిపెట్టె కోసం వచ్చిన పిల్లవాణ్ణి కొట్టువాడు ముందు పంపేసినట్టు. మాట, ఆట సహజంగానే కొంచెం కొంచెం అడుగుతాయి. ఎవరు ఏమిటని ఆరా తీయకుండానే వాటికి ప్రాధాన్యం దక్కుతుంది.

ఈ పద్ధతులను మామూలు ఇంటి రౌటర్ మీద ఓపికగా పరీక్షించి, ఉచితంగా పంచినవారిలో డేవ్ టాట్ ముఖ్యులు. 2025లో మరణించేదాకా ఆయన ఇదే పని మీద ఉన్నారు. 2018లో లినక్స్‌లో చేరిన కేక్ అనే పద్ధతి, ప్రవాహాల మధ్యనే కాక పరికరాల మధ్య కూడా సమానంగా పంచుతుంది. ఒక ల్యాప్‌టాప్ వంద కనెక్షన్లు తెరిచినా పక్కనున్న ఫోన్ వాటా తగ్గదు.

ఇంట్లో దీన్ని వాడాలంటే ఒక్క సంగతి మరవకూడదు: క్యూ ఎక్కడ ఏర్పడుతుందో అక్కడే దాన్ని అదుపు చేయగలం. మోడెంలో పేరుకుంటే రౌటర్ చేయగలిగింది లేదు. అందుకే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఈ పద్ధతులను నడిపే ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) అమరికలో, కొలిచిన అప్‌లోడ్, డౌన్‌లోడ్ వేగాల్లో 90 శాతం దగ్గర పరిమితి పెడతారు. అప్పుడు క్యూ మన రౌటర్‌లోకే వస్తుంది. పెద్ద డౌన్‌లోడ్‌లకు కాస్త ఎక్కువ సమయం పడుతుంది. వేగమైన ఫైబర్ లైన్‌కు చవక రౌటర్ ప్రాసెసర్ చాలకపోవచ్చు కూడా.

అవసరమో లేదో తేల్చుకోవడం తేలికే. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతున్నప్పుడు ఇంకోసారి పింగ్ (జవాబు తిరిగి వచ్చే సమయం) చూడాలి. 20 మిల్లీసెకన్లు 400కు ఎగబాకితే ప్లాన్ మార్చడం కన్నా ముందు రౌటర్ సంగతి చూసుకోవాలి. కొత్త రౌటర్ కొనేటప్పుడు యాంటెన్నాల లెక్కతోపాటు అందులో ఎస్‌క్యూఎం ఉందా అని కూడా దుకాణంలో అడగాలి. అడిగేవారు పెరిగితేనే, కోడ్ ఉచితంగా దొరుకుతున్నా ఇంకా దీన్ని చేర్చని తయారీదారులు చేరుస్తారు.