ఖాకీ లేని పోలీసు

2010 మార్చి 7న పిట్స్‌బర్గ్‌లో ఐస్ హాకీ మ్యాచ్ మూడో పీరియడ్ నడుస్తోంది. బోస్టన్ బ్రూయిన్స్ ఆటగాడు మార్క్ సవార్డ్ గోల్ వైపు పక్ కొట్టాడు. ఆ ఊపు తగ్గకముందే, చూపుకు అందని వైపు నుంచి వచ్చిన పిట్స్‌బర్గ్ ఆటగాడు మాట్ కుక్ అతని తలను ఢీకొట్టాడు. సవార్డ్‌ను స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. రిఫరీ పెనాల్టీ ఇవ్వలేదు, లీగ్ ఒక్క మ్యాచ్ నిషేధమూ వేయలేదు. అప్పటి నిబంధనల్లో అలాంటి దెబ్బ తప్పు కాదు మరి. పదకొండు రోజుల తర్వాత అవే జట్లు బోస్టన్‌లో తలపడ్డాయి. ఆరంభంలోనే బోస్టన్ వస్తాదు షాన్ థార్న్‌టన్ కుక్‌కు ఎదురు నిలిచాడు. ఇద్దరూ గ్లవ్స్ విసిరేసి కొట్టుకున్నారు, చెరో ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చున్నారు. ఆ ఆటలో పెద్దమనుషులు అనుకునేవాళ్ల దృష్టిలో బాకీ అక్కడితో తీరిపోయింది.

థార్న్‌టన్ లాంటివాళ్లను ఐస్ హాకీలో ఎన్‌ఫోర్సర్ అంటారు. పాత జమీందారీ కథల్లో దివాణాన్ని అంటిపెట్టుకుని ఉండే వస్తాదు గుర్తొస్తే తప్పేమీ లేదు, పని దాదాపు అదే. గోల్స్ కొట్టమని అతన్ని ఎవరూ అడగరు. తన జట్టులోని మేటి ఆటగాణ్ని ఎవరైనా మోచేత్తో పొడిచినా, కర్రతో మణికట్టు మీద కొట్టినా వెళ్లి లెక్క అడగాలి, అంతే. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, పిడిగుద్దులకు ఐదు నిమిషాల పెనాల్టీ అని 1922లోనే రాసుకుంది. ఫుట్‌బాల్‌లో ఎదుటివాణ్ని గుద్దితే ఆ రోజు ఆట అయిపోయినట్టే. ఇక్కడ ఐదు నిమిషాలు కూర్చుని మళ్లీ రింకులోకి రావచ్చు. ఈ వెసులుబాటుకు చెప్పే సమర్థన తరతరాలుగా ఒక్కటే. కాళ్లకు ఉక్కు బ్లేడ్లు, చేతిలో కర్ర, గంటకు 30 కిలోమీటర్లు దాటే వేగం, నాలుగు వైపులా బోర్డులు. ఇంతటి హడావుడిలో రిఫరీలు అన్నీ చూడలేరు కాబట్టి దొంగదెబ్బ తీసేవాడికి భయం ఉండాలి, ఆ భయం ఎదుటి బెంచీ మీద ఆరున్నర అడుగుల రూపంలో కూర్చుని కనబడాలి అంటారు. ఈ కట్టుబాటుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘కోడ్’. వినడానికి బాగానే ఉంటుంది. జరిగినవి వరసగా చూసుకుంటే మాత్రం ఈ పోలీసు దొంగను ఆపిన దాఖలా దొరకదు. పైగా చాలాసార్లు పోలీసూ దొంగా ఒకే మనిషి.

ముందు కుక్ సంగతే చూద్దాం. థార్న్‌టన్ పిడికిళ్లు అతనికి బుద్ధి చెప్పాయా? మరుసటి ఏడు ఫిబ్రవరిలో కొలంబస్ ఆటగాడు ఫెదోర్ త్యూతిన్‌ను వెనకనుంచి బోర్డుకేసి కొట్టి కుక్ 4 మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. మార్చిలో న్యూయార్క్ రేంజర్స్ కుర్రాడు ర్యాన్ మెక్‌డొనా తలకు మోచెయ్యి విసిరాడు. ఈసారి లీగ్ సీజన్‌లో మిగిలిన 10 మ్యాచ్‌లతో పాటు ప్లేఆఫ్స్ మొదటి రౌండ్ మొత్తానికీ అతన్ని పక్కన పెట్టింది. సొంత జట్టు జనరల్ మేనేజరే శిక్ష సబబేనన్నాడు. నిషేధ కాలానికి జీతం పోయింది. ఆ తర్వాతి సీజన్‌లో అదే కుక్ 82 మ్యాచ్‌లూ ఆడి 19 గోల్స్ కొట్టాడు. అంతకుముందు సీజన్‌లో 129గా ఉన్న పెనాల్టీ నిమిషాలు 44కు పడిపోయాయి, నిషేధం ఒక్కటీ లేదు. ముఖం మీద గుద్దులు చేయలేని పని జీతం కోత, సొంతవాళ్ల ఈసడింపు చేశాయి. మనిషి పూర్తిగా మారిపోయాడని మాత్రం అనలేం. 2014 ప్లేఆఫ్స్‌లో కొలరాడో ఆటగాడు టైసన్ బ్యారీని మోకాలితో మోకాలి మీద కొట్టి మళ్లీ 7 మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. అయినా రెండు మందుల్లో ఏది కొంతకాలమైనా పనిచేసిందో కనబడుతూనే ఉంది.

ఇప్పుడు అదే కుక్‌ను సవార్డ్ ఘటనకు ఆరేళ్లు వెనక్కి వెళ్లి చూడాలి. 2004లో అతను వాంకూవర్ కానక్స్ ఆటగాడు. ఫిబ్రవరి 16న ఆ జట్టు కెప్టెన్ మార్కస్ నాస్‌లండ్‌ను కొలరాడో కొత్త కుర్రాడు స్టీవ్ మూర్ ఢీకొట్టాడు. నాస్‌లండ్‌ తలకు దెబ్బ తగిలింది. రిఫరీలు పెనాల్టీ ఇవ్వలేదు, లీగ్ నిషేధించలేదు. ఇక కోడ్ రంగంలోకి దిగింది. మార్చి 8న వాంకూవర్‌లో మొదటి పీరియడ్‌లోనే మూర్‌తో పిడికిళ్లు కలిపి లెక్క అడిగిన మనిషి సాక్షాత్తూ మాట్ కుక్. ఆనాడు పోలీసు అతనే! మూర్ పారిపోలేదు, నిలబడి కొట్టుకున్నాడు. కోడ్ ప్రకారమే చూసినా వ్యవహారం అక్కడ ముగిసిపోవాలి. ముగియలేదు. వాంకూవర్ చిత్తుగా ఓడుతున్న మూడో పీరియడ్‌లో టాడ్ బెర్టూజీ మూర్ వెంటపడ్డాడు, జెర్సీ పట్టి లాగాడు. అతను తిరగకపోయేసరికి వెనకనుంచి తల పక్కన గుద్ది, అతని మీద పడి ముఖాన్ని మంచుకేసి అదిమాడు. మెడలో మూడు వెన్నుపూసలు విరిగాయి. మూర్ మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు. బెర్టూజీ కోర్టులో నేరం ఒప్పుకుంటే పడిన శిక్ష ఏడాది ప్రొబేషన్, 80 గంటల సమాజ సేవ. 2006 ఒలింపిక్స్‌లో అతను కెనడా జెర్సీ వేసుకున్నాడు. మూర్ వేసిన నష్టపరిహారం దావా రాజీతో ముగిసేసరికి 2014 వచ్చింది.

ఈ కట్టుబాటులోని మౌలికమైన లోపం ఇక్కడే బయటపడుతుంది. బాకీ తీరిందని చెప్పే అధికారం ఎవరి దగ్గరా లేదు. కోర్టు తీర్పుకు ఒక చివర ఉంటుంది, పగకు ఉండదు. మొదటి పీరియడ్‌లో చెల్లు అనుకున్నది, స్కోరు బోర్డు చూసి మండిపోయిన ఇంకొకడికి మూడో పీరియడ్‌లో చెల్లు కాదు. పల్నాటి కథలు విన్నవాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పక్కర్లేదు.

థార్న్‌టన్ గొడవల మనిషి కాడని, కోడ్‌ను నిజాయితీగా పాటించే పెద్దమనిషని పేరు. 2013 డిసెంబర్ 7న పిట్స్‌బర్గ్ డిఫెన్స్ ఆటగాడు బ్రూక్స్ ఓర్పిక్ బోస్టన్ ఆటగాడు లూయీ ఎరిక్సన్‌ను గట్టిగా ఢీకొట్టాడు. థార్న్‌టన్ ఓర్పిక్‌ను కలబడమన్నాడు, అతను ఒప్పుకోలేదు. ఆ తర్వాత దొరికిన సందులో థార్న్‌టన్ వెనకనుంచి అతని కాళ్లు తప్పించి పడేసి, పడ్డవాడి ముఖం మీద గుద్దాడు. ఓర్పిక్ స్ట్రెచర్ మీద వెళ్లాడు, థార్న్‌టన్‌కు 15 మ్యాచ్‌ల నిషేధం పడింది. అంటే సవార్డ్ కోసం కుక్‌ను శిక్షించిన చెయ్యే నాలుగేళ్లు తిరక్కముందే కుక్ చేసిన పనికి ఏమాత్రం తీసిపోని పని చేసింది. ఇందులో థార్న్‌టన్ కపటి అని అనడానికేమీ లేదు. కొట్టడమే ఉద్యోగమైన మనిషికి ఎదుటివాడు కొట్టించుకోవడానికి ఒప్పుకోకపోతే ఇంకేం మిగులుతుంది?

ఈ విమర్శకు పాతతరం చెప్పే అభ్యంతరం గట్టిదే. 1992-93 సీజన్‌లో లీగ్ ఇన్‌స్టిగేటర్ నిబంధనను కఠినం చేసింది. తగాదా మొదలుపెట్టినవాడికి అదనపు శిక్షతో పాటు ఆ మ్యాచ్ నుంచి ఉద్వాసన కూడా అప్పట్లో పడేది. పోలీసు చేతులు కట్టేసి దొంగలు పెరిగారంటే ఎలా అని వాళ్ల వాదన. అయితే చేతులు కట్టెయ్యని రోజుల్లో ఆట ఎలా ఉండేదో చూడాలి కదా. 1970ల్లో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టు భయపెట్టడాన్నే వ్యూహంగా మార్చుకుని 1974, 1975ల్లో వరసగా లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిచింది. అందులోని డేవ్ షుల్ట్స్ 1974-75లో ఒక్క సీజన్‌లో 472 నిమిషాల పెనాల్టీలు మోశాడు, ఆ రికార్డు ఇంతవరకు ఎవరూ దాటలేదు. 1976 ప్లేఆఫ్స్‌లో టొరంటోలో జరిగిన రభసకు ఆ జట్టు ఆటగాళ్ల మీద ఒంటారియో ప్రభుత్వం క్రిమినల్ కేసులు పెట్టింది. అందరికీ పోలీసులున్న కాలమది. పోలీసులు ఎక్కువైనకొద్దీ ఆట శుభ్రపడలేదు, రెండు బెంచీల మీదా ఆయుధాలు పెరిగాయి.

రెండో అభ్యంతరం పేరు వేన్ గ్రెట్జ్కీ. ఎడ్మంటన్‌లో డేవ్ సెమెంకో, తర్వాత మార్టీ మెక్‌సోర్లీ అనే వస్తాదుల అండ లేకపోతే ఆ సన్నటి మనిషి అన్ని రికార్డులు కొట్టగలిగేవాడా? 1988లో లాస్ ఏంజెలెస్‌కు మారినప్పుడు మెక్‌సోర్లీ కూడా అతనితో పాటే వెళ్లాడు. ఇందులో నిజం లేకపోలేదు, ఒప్పుకోవాలి. లీగ్ కాపాడని చోట కాపలా మనిషికి విలువ ఉంటుంది. కానీ ఆ విలువ లీగ్ చేతగానితనానికి కొలతే తప్ప పద్ధతి గొప్పదనానికి కాదు. పిడిగుద్దులకు బయటికి పంపేసే ఒలింపిక్ నిబంధనల కింద 2010లో, 2014లో ఇదే లీగ్ తారలు ఏ వస్తాదూ లేకుండా ఆడారు. అమెరికా కాలేజీ హాకీ సీజన్ పొడుగునా అలాగే నడుస్తుంది. ఆ అంగరక్షకుడి సంగతీ మర్చిపోకూడదు. 2000 ఫిబ్రవరిలో, అప్పటికి బోస్టన్‌కు మారిన మెక్‌సోర్లీ, వాంకూవర్ వస్తాదు డొనాల్డ్ బ్రషీర్‌తో ఒకసారి కలబడి ఓడాడు. రెండోసారి బ్రషీర్ కలబడలేదు. మ్యాచ్ ముగియడానికి మూడు సెకన్ల ముందు మెక్‌సోర్లీ కర్ర అతని తల మీద పడింది. ఆయుధంతో దాడి చేశాడని కోర్టు తేల్చింది. అతను మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడలేదు.

లీగ్ తన పని తాను ఎందుకు చేయదన్నది అసలు ప్రశ్న. 2021 మే 3న న్యూయార్క్‌లో వాషింగ్టన్ ఆటగాడు టామ్ విల్సన్ కింద పడి ఉన్న రేంజర్స్ ఆటగాడు పావెల్ బుచ్నేవిచ్‌ను గుద్దాడు, అదే జట్టులోని ఆర్టెమీ పనారిన్‌ను మంచు మీదికి విసిరికొట్టాడు. పనారిన్ ఆ సీజన్‌లో మళ్లీ ఆడలేదు. విల్సన్‌కు పడింది 5,000 డాలర్ల జరిమానా. ఏడాదికి యాభై లక్షల డాలర్ల పైన ఒప్పందం ఉన్న మనిషికి అది టీ ఖర్చు. ఈ నిర్ణయం తీసుకున్న లీగ్ క్రమశిక్షణ విభాగాధిపతి జార్జ్ ప్యారోస్ తానే ఒకప్పటి ఎన్‌ఫోర్సర్. ప్యారోస్ ఆ పదవికి తగడని ప్రకటన ఇచ్చినందుకు రేంజర్స్ యాజమాన్యానికి పడిన జరిమానా 2,50,000 డాలర్లు. మనిషిని కొట్టడం కంటే లీగ్‌ను ఒక మాట అనడం యాభై రెట్లు ఖరీదన్నమాట. రెండు రోజుల తర్వాత అవే జట్లు మళ్లీ దిగాయి. పక్ మంచు మీద పడగానే ఆరుగురు గ్లవ్స్ విసిరేశారు, మొదటి ఐదు నిమిషాల్లోనే ఆరు తగాదాలు జరిగాయి. లీగ్ రాయని తీర్పును ఆటగాళ్ల పిడికిళ్లు రాశాయి.

ఈ చవక న్యాయానికి ఖరీదు ఎవరో ఒకరు కట్టాలి కదా. కెనడాలో సస్కచ్వాన్‌ నుంచి వచ్చిన డెరిక్ బూగార్డ్ 277 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్ 3. అతన్ని కొన్నది గోల్స్ కోసం కాదు. 2006లో అతని ఒక్క గుద్దుకు టాడ్ ఫెడొరుక్ చెంప ఎముక చితికిపోతే లోహపు పలకలు వేసి అతికించారు. తర్వాత ఆ ఇద్దరూ మినసోటాలో ఒకే జట్టుకు ఆడారు. వాళ్ల మధ్య పగ లేదు, ఉద్యోగమే ఉంది. నొప్పి మాత్రలకు అలవాటుపడ్డ బూగార్డ్ 2011 మే 13న మద్యం, ఆక్సికోడోన్ కలిసి వికటించి చనిపోయాడు. వయసు 28. అతని మెదడులో పదేపదే తగిలిన దెబ్బలవల్ల వచ్చే సీటీఈ వ్యాధిని బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు గుర్తించారు. అదే ఏడు ఆగస్టులో ఇంకో ఇద్దరు ఎన్‌ఫోర్సర్లు రిక్ రిపియన్, వేడ్ బెలక్ కూడా పోయారు. అంతకు ముందే 45 ఏళ్లకు కన్నుమూసిన మరో ఎన్‌ఫోర్సర్ బాబ్ ప్రోబర్ట్ మెదడులోనూ ఆ వ్యాధే బయటపడింది. 1967 నుంచి ఆడిన ఆరువేల మందికి పైగా ఆటగాళ్ల రికార్డులను కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు పరిశీలించి 2023లో ఫలితాలు ప్రచురించారు. ఎన్‌ఫోర్సర్లలో చనిపోయినవాళ్లు తమతో సరిపోల్చిన ఆటగాళ్ల కంటే సగటున పదేళ్లు ముందే పోయారు. మరణాల సంఖ్య చిన్నది, మొత్తంమీద మరణాల రేటులో పెద్ద తేడా లేదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి. కానీ మాత్రల మోతాదు మించడం, ఆత్మహత్య, మెదడు క్షీణించే జబ్బులు అనే కారణాల జాబితా మౌనంగా ఉండనివ్వదు. లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ మాత్రం ఆటకూ సీటీఈకీ సంబంధం రుజువు కాలేదనే అంటూ వచ్చారు. మాజీ ఆటగాళ్లు వేసిన దావాను 2018లో దాదాపు 1.89 కోట్ల డాలర్లతో, తప్పు ఒప్పుకోకుండా, లీగ్ సర్దుబాటు చేసుకుంది.

వాళ్లే ఎంచుకున్న బతుకు, లక్షల డాలర్లు ముట్టాయి, ఇక జాలి ఎందుకు అనేవాళ్లున్నారు. ఎంపిక అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడిన మొదటి భారత సంతతి ఆటగాడు, పంజాబీ కుటుంబంలో పుట్టిన రాబిన్ బావా, జూనియర్ హాకీలో కామ్లూప్స్ జట్టుకు ఒకే సీజన్‌లో 50కి పైగా గోల్స్ కొట్టాడు. పెద్ద లీగ్ తలుపు దగ్గర అతని నుంచి కోరింది ఆ గోల్స్ కాదు, ఒంటి బలం. బూగార్డ్‌కు కూడా పదహారేళ్ల వయసు నుంచే తలుపు తెరిచింది పిడికిలే. ఒక్క తాళంచెవే చేతికిచ్చి, ఆ గదిలోకే ఎందుకెళ్లావని అడగడం ఏం న్యాయం?

జనానికి ఇష్టం అన్నది చివరి వాదన, దాన్ని కాదనడం అబద్ధమాడటమే. 2025 ఫిబ్రవరి 15న మాంట్రియల్‌లో అమెరికా, కెనడా జట్లు ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనలతో తలపడితే మొదటి తొమ్మిది సెకన్లలో మూడు తగాదాలు జరిగాయి. హాలంతా లేచి నిలబడింది. కోడిపందెం బరి చుట్టూ నిలబడ్డ జనంలో ఉండే వేడే అదీను. ఆ వేడిని అమ్ముకోవాలంటే అమ్ముకోవచ్చు, అమ్ముతున్నామని చెప్పి అమ్ముకోవచ్చు. కానీ ఆ రాత్రి గ్లవ్స్ మంచు మీద పడే సమయానికి ఎవరూ ఎవరికీ దొంగదెబ్బ తీయలేదు. మోచెయ్యి విసిరినవాడు లేడు, మోకాలు అడ్డం పెట్టినవాడు లేడు. అసలు పక్ అప్పుడే కింద పడింది. ఏ నేరానికి శిక్షగా ఆ ముగ్గురూ ముగ్గురిని కొట్టారో రిఫరీలు అడగలేదు. ఆరుగురికీ తలా ఐదు నిమిషాలు రాసి, పెనాల్టీ బాక్సు తలుపు తీశారు.