ఇంటి తాళాలతోపాటే ఇంటర్‌నెట్

ఇంగ్లండ్‌లో కొత్త ఎస్టేట్‌లో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు తూర్పు గుమ్మం మొదలు బడి దూరం దాకా అన్నీ ఆరా తీస్తారు. బ్రాడ్‌బ్యాండ్ ఎలాగూ ఉంటుందిలే అనుకుంటారు. కొత్త ఇల్లు గనుక ఉండాల్సిందే. కానీ 2017 జనవరి 1న వచ్చిన నిబంధన కేబుల్ లాగడానికి వీలైన ఏర్పాట్లు భవనంలో ఉంటే చాలంది. కనెక్షన్ ఇచ్చి తీరాలనలేదు. 2021లో పూర్తయిన కొత్త ఇళ్లలో 12 శాతానికి గిగాబిట్ సౌకర్యం లేదని ప్రభుత్వమే ఒప్పుకుంది. అందుకే బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లోని పార్ట్ ఆర్‌ను సవరించి, 2022 డిసెంబర్ 26 నుంచి గిగాబిట్ కనెక్షన్ బాధ్యతను బిల్డర్ మీద పెట్టింది. మంచి పనే. నీటి గొట్టం, కరెంటు కేబుల్ కోసం నేల తవ్వినప్పుడే పక్కన ఫైబర్ కోసం ఇంకో డక్ట్ వేయడం పెద్ద పని కాదు. జనం కాపురాలు పెట్టాక అదే పనికి వేసిన రోడ్డు పగలగొట్టాలి, దారిలోని స్థల యజమానులందరినీ ఒప్పించాలి.

కనెక్షన్‌కయ్యే ఖర్చు చివరికి ఇంటి ధర మీదే పడుతుందన్నది బిల్డర్ల వాదన. అది కొంతవరకే నిజం. కనెక్షన్ ఖర్చుకు ఇంటికి 2,000 పౌండ్ల పరిమితి ఉంది; అది దాటితే ఆ సొమ్ములో వచ్చే తక్కువ వేగపు కనెక్షన్‌తో సరిపెట్టవచ్చు. పైగా 30, అంతకు మించి ఇళ్లున్న కొత్త ఎస్టేట్లకు ఫైబర్ ఉచితంగా వేస్తామని బ్రాడ్‌బ్యాండ్ లైన్లు వేసే ఓపెన్‌రీచ్ సంస్థ 2016లోనే ప్రకటించింది. కాబట్టి చిక్కు ఎక్కువగా ఊరికి దూరంగా కట్టే కొద్దిపాటి ఇళ్లకే. 5జీ రౌటర్ ఉండగా ఫైబర్ ఎందుకనేవారూ ఉన్నారు. టవర్ దూరమైనా, సాయంత్రం అందరూ ఒక్కసారే వాడినా దాని వేగం పడిపోతుంది. నెల రోజులు గడుపుకోవడానికి పనికొస్తుంది కానీ ఇంటి నుంచే ఉద్యోగం చేసేవారు దాన్నే నమ్ముకోలేరు.

అయితే చట్టం అడిగేది కనెక్షన్ మాత్రమే. దాని మీద సర్వీసు ఎవరిస్తారో, ఏ రోజు మొదలవుతుందో అది చెప్పదు. గోడకు ఫైబర్ పెట్టె బిగించి ఉన్నా, కొత్త చిరునామా సర్వీసిచ్చే కంపెనీ జాబితాలోకి ఎక్కకపోతే ఆర్డరే తీసుకోరు. కొన్ని ఎస్టేట్లలో ఒకే సంస్థ నెట్‌వర్క్ ఉంటుంది. దాని మీద సర్వీసు అమ్మే కొద్ది కంపెనీల్లోనే ఒకదాన్ని ఎంచుకోవాలి. నచ్చకపోతే మారడానికి రెండో దారి ఉండదు. నిబంధనలు ఇక తేల్చాల్సింది ఈ విషయమే.

అందాకా జాగ్రత్త కొనేవారిదే. కాంట్రాక్టులు మార్చుకోకముందే సొలిసిటర్ ద్వారా మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి: నెట్‌వర్క్ ఎవరిది? దాని మీద ఏయే కంపెనీలు సర్వీసిస్తాయి? తాళాలిచ్చే రోజుకు లైను పనిచేస్తుందా? సంతకం పెట్టాక అడిగితే బిల్డర్‌కు జవాబు చెప్పే తొందర ఉండదు.